ముసలోడితో మూడేళ్ళు

సంచికకు ఏదైనా వ్రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, "నీకు ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి వచ్చింది గదా, ఆ సంగతే వ్రాయి" అన్నాడు. ఆ సంగతే వ్రాస్తున్నాను. కాకపోతే ఆయన అనుకొన్న సంగతి వేరు, నేను చెప్పబోయేది వేరు. సైన్సు బ్లాకు మెట్లు ఎక్కగానే ఎడమచేతి గోడకు ఒక చార్టు ఉన్నది. డిసెంబరులో దాని మీద ఎర్ర గీత ఒక్కటే ఉండేది, కొబ్బరిచెట్టులాగ నిటారుగా పైకి పోయేది. ఇప్పుడు దాని కింద నల్ల గీత ఒకటి కుంటుకుంటూ నడుస్తున్నది. అదెందుకు వచ్చిందని జూనియర్లు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి సిగ్గుపడేకంటే, అందరికీ ఒకేసారి చెప్పి సిగ్గుపడటం మేలు గదా అని కలం పట్టాను.

ముసలోడు అంటే మనిషి కాదు. మేము బి.ఎస్సీ.లో చేరేనాటికే మన కంప్యూటర్ ల్యాబులో మూలనున్న మిషనులో ఒక ప్రోగ్రామ్ ఉండేది. పులి–మేక ఆడుతుంది. మా కంటే ముందు చదివి వెళ్ళిపోయిన ఒక సీనియర్ అన్న వ్రాసి వదిలేసిన బాట్ అది. ఎప్పటిదో పాతది గనుక హాస్టల్లో దానికి ముసలోడని పేరు పెట్టారు. చేరిన కొత్తలో నేను దాని మీద ఏడాటలు వరసగా ఓడిపోయాను. పల్లెటూరి వాణ్ణి, గుడి అరుగు మీద చింతపిక్కలతో ఈ ఆట ఆడుతూ పెరిగినవాణ్ణి, నాకు రోషం రాదా? నేను గెలవలేకపోతే గెలిచేవాణ్ణి తయారుచేస్తానని నా రూమ్మేటుతో కలిసి మరో ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. దానికి కుర్రోడని పేరు పెట్టాం.

ఆట తెలియని పట్నం మిత్రుల కోసం రెండు మాటలు. గీతలు కలిసే కూడళ్ళు 23. పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా పెట్టుకొంటూ రావాలి, అన్నీ పెట్టిన తర్వాతే అవి కదలాలి. పులి మాత్రం మొదటినుంచీ కదులుతుంది. పక్కన మేక ఉండి దాని అవతల కూడలి ఖాళీగా ఉంటే దూకి కొడుతుంది. మా ఊరి లెక్కన ఆరు మేకలు పోతే పులి గెలిచినట్టు, మూడు పులులకూ దారి మూసేస్తే మేకలు గెలిచినట్టు.

మొదటి సంవత్సరం పరీక్షల ముందు కుర్రోడికీ ముసలోడికీ వంద ఆటలు పెట్టాం. కుర్రోడికి పులులిచ్చి యాభై, మేకలిచ్చి యాభై. రాత్రంతా ఆడి తెల్లవారేసరికి లెక్క తేలింది: కుర్రోడికి 50, ముసలోడికి 50. మొదటి ఏడే సమఉజ్జీ అయిపోయాడు! కాంటీనులో మిరపకాయ బజ్జీలు పంచిపెట్టి, ఆ కాగితం తీసుకొని మా స్టాటిస్టిక్స్ మాస్టారి దగ్గరకు పోయాం. ఆయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశారు.

"గెలిచిన యాభై ఆటలూ మీకు పులులు ఉన్నప్పుడే గెలిచారా?"

"అవునండీ."

"ఓడిన యాభై ఆటలూ సరిగ్గా 43 ఎత్తులకే ఓడారేమిటి నాయనా?"

మాకు మాట రాలేదు. తీరా చూద్దుము గదా, రెండు ప్రోగ్రాముల్లోనూ చీటీ తీసినట్టు ఎంచుకొనే భాగమే లేదు. ఒకే స్థితి వస్తే ఒకే ఎత్తు వేస్తాయి. అంటే మేము ఆడించింది వంద ఆటలు కాదు. రెండే రెండు ఆటలను యాభైయేసి సార్లు ఆడించాం. సినిమా యాభై సార్లు చూసినంత మాత్రాన కథ మారుతుందా అని ఆయన నవ్వారు. బజ్జీల డబ్బులు దండగ.

ఆయనే దారి చెప్పారు. మొదటి నాలుగు మేకలనూ చీటీ తీసి ఎక్కడ పడితే అక్కడ పెట్టాలి. అట్లా వంద ఆరంభాలు తయారుచేసి, ఒక్కొక్క ఆరంభాన్నీ రెండుసార్లు, పక్షాలు మార్చి ఆడించాలి. వెరసి 200 ఆటలు. ఎటూ తేలని ఆటకు చెరి అర పాయింటు. "వంద ఆటల్లో 54 వచ్చిందని గంతులెయ్యకండి, ఇద్దరూ సమానమైనా అదృష్టం కొద్దీ నలభై నుంచి అరవై దాకా ఏదైనా రావచ్చు" అని కూడా హెచ్చరించారు. అట్లా ఆడిస్తే కుర్రోడికి వచ్చింది 200కి 48 పాయింట్ల అర. నూటికి ఇరవై నాలుగు.

దాన్ని చార్టు మీద గీతగా వెయ్యాలంటే ఎలో పాయింట్లలోకి మార్చాలి. ఆర్పాడ్ ఎలో అనే ఆయన అమెరికాలో మిల్వాకీలో భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆయన పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి 76 వస్తాయి, 400 తేడా ఉంటే 91 వస్తాయి. ఆ లెక్కన మా కుర్రోడు ముసలోడికంటే 200 పాయింట్లు కింద ఉన్నాడు. ముసలోణ్ణి సున్న దగ్గర నిలబెట్టి, ఏటేటా కుర్రోడు ఎంత ఎదిగాడో అక్కడినుంచి కొలుద్దామని నిశ్చయించుకొన్నాం.

ఈ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న కొత్త వరి రకం ఏది తెచ్చినా ముందు ఒక మడిలోనే వేస్తాడు, దాని పక్క మడిలో పాత రకం. అదే నీళ్ళు, అదే ఎరువు. "పక్కన పాతది లేకపోతే కొత్తది బాగుందని ఎట్లా చెప్తావురా?" అంటాడు. పరిశోధనా కేంద్రాల వాళ్ళు ఆ పాతదాన్ని 'చెక్' అంటారట. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి నాకంటే ఎంతో పెద్దవి. అయినా కొత్తగా వచ్చిన వంగడాలు ఎన్నో వాటి పక్కన నిలబడి కొలిపించుకొన్నవే.

రెండో ఏడు చాలా కష్టపడ్డాం. కుర్రోడికి పులుల దారులు లెక్కపెట్టడం నేర్పాం, పనికిరాని ఎత్తులను ముందే వదిలెయ్యడం నేర్పాం. ఆ వేసవిలో ల్యాబుకు కొత్త మిషన్లు వచ్చాయి. వాటి మీద 200 ఆటలు పెడితే 59 పాయింట్లు! నూటికి ముప్ఫై కూడా లేదు. ఏడాది కష్టానికి ఇంతేనా అని రూమ్మేటు రెండు రోజులు సరిగా భోజనం చెయ్యలేదు.

కారణం ఏమిటో దొరకడానికి వారం పట్టింది. ముసలోడు ఎత్తుకు మూడు సెకన్లు ఆలోచిస్తాడు. పాత మిషను మీద మూడు సెకన్లలో చూసేదానికంటే కొత్త మిషను మీద ఎన్నో రెట్లు ఎక్కువ చూస్తున్నాడు. మావాడు మాత్రం నాలుగెత్తుల లోతు అని గిరి గీసుకొని కూర్చున్నాడు, మిషను ఎంత వేగమైనా అంతే. అంటే మా కొలబద్ద రాత్రికి రాత్రి పెరిగిపోయింది! పాత రకాన్ని పల్లపు చేలో వేసి కొత్త రకాన్ని చవుడు మీద వేసినట్టయింది. స్టోరులో పారేసిన పాత మిషన్ను బతిమాలి బయటికి తీయించి, దుమ్ము దులిపి దాని మీద ఆడిస్తే 97 పాయింట్లు వచ్చాయి. నూటికి 48న్నర. అప్పుడు గాని రూమ్మేటు గొంతులో ముద్ద దిగలేదు.

అయితే ఆ పాత మిషను ఎన్నాళ్ళుంటుంది? ఆ సీనియర్ అన్న ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. ఆయన బెంగుళూరులో ఉద్యోగంలో ఉన్నాడు, తన ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉందని విని ఆశ్చర్యపోయాడు. సెకన్ల బదులు ఎత్తుకు ఇన్ని స్థితులు చూడాలని లెక్క పెడతామన్నాను. "ఆ గడియారం ఒక్కటి మార్చుకో తమ్ముడూ, తప్పులున్నా సరే ఇంకేం ముట్టుకోవద్దు. ముట్టుకొంటే అది కొలత కాదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. కుర్రోడికీ స్థితుల లెక్కే పెట్టి, ముసలోడు పాత మిషను మీద మూడు సెకన్లలో ఎన్ని చూసేవాడో అన్నే ఇద్దరికీ ఇచ్చాం.

కదలని ప్రత్యర్థి దొరకడం ఎంత అదృష్టమో ఆ రోజుల్లోనే చదివిన ఒక కథవల్ల తెలిసింది. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయంలో జోనథన్ షేఫర్ అనే ఆయన చెకర్స్ ఆడే ప్రోగ్రామ్ తయారుచేశాడు, పేరు చినూక్. దానికి కొలబద్ద మేరియన్ టిన్స్‌లీ అనే గణితం మాస్టారు. దశాబ్దాలపాటు ఆ ఆటలో ఆయనకు ఎదురులేదు. 1992లో లండన్‌లో తలపడితే టిన్స్‌లీ నాలుగు గెలిచాడు, రెండు ఓడాడు, 33 ఆటలు తేలలేదు. ఆయన మీద రెండు ఆటలు గెలవడమే ఆ రోజుల్లో పెద్ద వార్త. 1994లో బోస్టన్‌లో మళ్ళీ కూర్చున్నారు. ఆరు ఆటలూ సమం. అంతలో టిన్స్‌లీకి ఒంట్లో బాగాలేక తప్పుకొన్నాడు, మరుసటి ఏడు కన్నుమూశాడు. పదవి చినూక్‌కు వచ్చింది గాని, ఆయన్ని నిజంగా దాటిందా లేదా అన్నది ఆ బల్ల మీద తేలనే లేదు. తర్వాత షేఫర్ బృందం ఏళ్ళ తరబడి లెక్కలు కట్టించి, ఇద్దరూ తప్పు చెయ్యకపోతే చెకర్స్ ఆట సమంగానే ముగుస్తుందని 2007లో నిరూపించింది. మా ముసలోడికి జబ్బు చెయ్యదు, చావు రాదు. అందుకని అతని మీద పూర్తిగా ఆధారపడ్డాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడో ఏడు మా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. మేకకు ఎంత విలువ, పులి దారికి ఎంత విలువ, మధ్య కూడలికి ఎంత విలువ అనే అంకెలను మేము ఊహించి వేసేవాళ్ళం. ఆ పని కుర్రోడికే అప్పగించాం. రాత్రిపూట అంకెలను కొంచెం కొంచెం మార్చుకొంటూ ముసలోడితో ఆడుతుంటాడు. ఏ అంకెలతో ఎక్కువ గెలిస్తే అవి ఉంచుకొంటాడు. నవంబరు నెలాఖరుకు 200 ఆటల్లో 171 గెలుపు, 20 సమం, 9 ఓటమి. నూటికి 90న్నర! ఎలో లెక్కలో ముసలోడికంటే 390 పైన. కింద 200 నుంచి పైన 390కి. వెరసి 590 పాయింట్ల ఎదుగుదల. ఎర్ర సిరాతో గీత గీశాం. ఎగ్జిబిషన్‌లో జనం మూగారు, ఫొటోలు తీసుకొన్నారు, మొదటి బహుమతి వచ్చింది. రూమ్మేటు తన ఎం.ఎస్సీ. దరఖాస్తులో ఆ 590ని వ్రాసుకొన్నాడు. నేనూ మా ఇంటికి ఫోను చేసి చెప్పాను, అబద్ధమెందుకు.

సంక్రాంతికి ల్యాప్‌టాప్ పట్టుకొని ఊరికి పోయాను. కనుమ నాడు మధ్యాహ్నం రామాలయం అరుగు మీద మా తాతయ్యను కూర్చోబెట్టాను. ఆయనకు ల్యాప్‌టాప్ తెర మీద ఆడటం సరిపడదు. అందుకని మామూలుగానే సుద్దముక్కతో గీతలు గీసి, చింతపిక్కలు మేకలుగా, మూడు గులకరాళ్ళు పులులుగా పెట్టాం. కుర్రోడు చెప్పిన ఎత్తు నేను వేస్తాను, తాతయ్య వేసిన ఎత్తు నేను తెరలో నొక్కుతాను. చుట్టూ పదిమంది చేరారు. మొదట పులులు తాతయ్యవి.

నాలుగో మేకను కుర్రోడు సరాసరి పులి నోటి దగ్గర పెట్టాడు. దాని వెనక ఖాళీ. తాతయ్య నావంక చూశాడు.

"ఇదేంట్రా, మేకనిట్టా ఊరికే ఇస్తంది?"

"ఏమో తాతయ్యా, దానికేదో లెక్క ఉంటుంది."

"ఊరికే ఇచ్చే మేకను ఏ పులి తింటదిరా? దాని ఎనక గొయ్యి ఉంటది గానీ."

తినలేదు. పులిని పక్కకు జరిపాడు. కుర్రోడు ఆరో మేకను కూడా అట్లాగే ఇచ్చాడు. దాన్నీ తినలేదు. ఇక ఆ తర్వాత కుర్రోడి ఆట చూడాలి! వేసిన మేకలు ఒక మూలన, ఉండాల్సిన చోట ఖాళీ. పెళ్ళివారు రాని పందిరిలాగ ఉంది వాడి వ్యూహం. తాతయ్య తీరిగ్గా ఆ తర్వాత ఒక్కొక్కటీ కొట్టుకొంటూ పోయాడు. పది ఆటలు ఆడాం. పులులు ఆయనవైన అయిదూ ఆయనే గెలిచాడు, మేకలతో రెండు గెలిచాడు. 7–3. మా బాబాయి "మొదటి బహుమతి దీనికేనా అబ్బాయ్?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున లేచి ముసలోడి ప్రోగ్రామ్ మళ్ళీ చదివాను. ముసలోడు మేకను కొట్టడానికి ఇచ్చుకొన్న విలువ మిగతా అన్నిటికంటే చాలా పెద్దది. పైగా వాడు ఆరెత్తుల దూరమే చూస్తాడు. ఆరెత్తుల లోపల మేక కనిపిస్తే చాలు, తింటాడు. గొయ్యి తొమ్మిదో ఎత్తులో ఉంటుంది. కుర్రోడు రాత్రుళ్ళు నేర్చుకొన్నది పులి–మేక కాదు, ముసలోడి ఆకలి. రెండు మేకలు ఎర వేసి పులులను ఒక మూలకు లాగి దారి మూసెయ్యడం, అంతే. దానికి మేము 590 అని పేరు పెట్టాం.

ఇది మా ఒక్కళ్ళ కథ కాదని తర్వాత చదివి తెలుసుకొన్నాను. గో అనే ఆటలో మనుషులను ఎప్పుడో దాటిపోయిన కాటాగో అనే ప్రోగ్రామ్ ఉంది. తనతో తాను లక్షలాది ఆటలు ఆడుకొంటూ ఎదిగింది. ప్రతి కొత్త రూపం పాత రూపాన్ని గెలుస్తూనే వచ్చింది. కొందరు పరిశోధకులు దాన్ని ఓడించడమే పనిగా మరో ప్రోగ్రామును తయారుచేసి ఒక లోపం పట్టారు: దాని రాళ్ళ గుంపు చుట్టూ మెల్లగా పెద్ద వలయం కడుతుంటే అది ప్రమాదాన్ని గమనించదట. ఆ కిటుకు నేర్చుకొన్న ఒక అమెరికన్ ఔత్సాహిక ఆటగాడు 2023లో దాని మీద 15 ఆటలాడి 14 గెలిచాడు. అన్ని లక్షల ఆటల్లోనూ ఆ వలయం కట్టేవాడు ఎదురుపడలేదన్నమాట. చదరంగంలో స్టాక్‌ఫిష్ వాళ్ళు 2013 నుంచి స్వచ్ఛంద సేవకుల కంప్యూటర్ల మీద, చిన్న మార్పుకైనా పాత రూపంతో వేలకు వేల ఆటలు పెట్టి గాని చేర్చుకోరు. వాళ్ళ ఓపిక చూస్తే మా 200 ఆటలు నాకే నవ్వు తెప్పించాయి.

ఇదే సంగతి ఇంట్లో చెబితే నాన్న ఆశ్చర్యపోలేదు. కొత్త వరి రకాన్ని విడుదల చేసేముందు మినీకిట్లని చిన్న చిన్న సంచుల్లో ఊరూరి రైతులకూ ఇస్తారు. ఒకసారి మా చేనుకూ వచ్చింది. కేంద్రం పొలంలో బ్రహ్మాండంగా పండిందన్నారట, మా దగ్గర గాలివానకు పడిపోయింది. "వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ పొలంలో అంతే" అన్నాడు నాన్న.

సెలవులనుంచి రాగానే రూమ్మేటుతో అన్నాను, ఆ చార్టు తప్పని చెబుదామని. వాడు ఒప్పుకోలేదు. "అంకెలు మనం కల్పించామా? 171 గెలవలేదా? ఎవడడిగాడ్రా నిన్ను?" అన్నాడు. నిజమే, ఒక్క అంకె కూడా కల్పించింది కాదు. నా దగ్గర జవాబు లేదు. వాడి దరఖాస్తు అప్పటికే పోయింది గనుక వాడి బాధ వాడిది. తొమ్మిది రోజులు ఒకే గదిలో ఉండి మాట్లాడుకోలేదు. తాళంచెవి కిటికీలో పెట్టి పోయేవాళ్ళం.

నేనొక్కణ్ణే పని మొదలుపెట్టాను. ముసలోణ్ణి ముట్టుకోలేదు, అన్నకిచ్చిన మాట. నకలు తీసి, అందులో మేకను కొట్టే విలువ ఒక్కటి తగ్గించాను, ఎరకు ఎగబడకుండా. వాడితో 200 ఆటలు పెడితే కుర్రోడికి 111. మాస్టారి లెక్కన అది అదృష్టమో నిజమో చెప్పలేం. పదో రోజు పొద్దున నేను ల్యాబుకు వెళ్ళేసరికి రూమ్మేటు అక్కడ ఉన్నాడు. రాత్రంతా కూర్చుని వెయ్యి ఆటలు పెట్టాడట. కాగితం నా ముందుకు తోసి, "556" అని మాత్రం అన్నాడు. ఎలో లెక్కలో అది నలభైకి లోపు. తర్వాత ఇద్దరం కలిసి మొదటి ఏటి కుర్రోణ్ణీ, రెండో ఏటి కుర్రోణ్ణీ కూడా అదే నకలుతో ఆడించాం. కింద 230, కింద 35, పైన 39. రెండేళ్ళ ఎదుగుదల 590 కాదు, 270. అందులోనూ మేము బాగా సాధించామనుకొన్న మూడో ఏటిది 74. పులుల దారులు లెక్కపెట్టడం నేర్పిన రెండో ఏటిదే ఎక్కువ. పొట్టిగా కనిపించి మమ్మల్ని ఏడిపించిన ఏడే అన్నిటికంటే మంచి ఏడని తేలింది.

కాగితాలు పట్టుకొని మాస్టారి దగ్గరకు పోయి, సర్టిఫికెట్ తిరిగి ఇచ్చెయ్యాలా అని అడిగాను. ఆయన అంతా చదివి, "ఎర్ర గీత తియ్యొద్దు. అది కూడా కొలతే, ఎవరితో కొలిచారో కింద వ్రాయండి. పక్కన నల్ల గీత గీయండి" అన్నారు. బహుమతి కమిటీకి ఒక ఉత్తరం వ్రాసిచ్చాం. వాళ్ళు ఇంతవరకు ఏమీ అనలేదు. రూమ్మేటు కూడా దరఖాస్తు పంపిన చోటికి సవరణ పంపాడు. పంపానని నాకు చెప్పలేదు, టేబులు మీద రసీదు చూసి తెలుసుకొన్నాను.

ముసలోడూ, ముసలోడి నకలూ, మూడేళ్ళ ముగ్గురు కుర్రోళ్ళూ ఇప్పుడు ల్యాబులో ఒకే ఫోల్డరులో ఉన్నారు. వచ్చే ఏడు ఈ పని చేపట్టే జూనియర్లు అయిదుగురితోనూ ఆడించాలి, వీలైతే ఊళ్ళో ఎవరైనా పెద్దవాళ్ళతో కూడా. నిన్న ఊరికి ఫోను చేసి, ఉగాదికి వస్తున్నాను, ఎర వెయ్యని కుర్రోణ్ణి తెస్తున్నాను అని తాతయ్యకు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, "అయితే ఈమాటు ముందు మేకలు నాకియ్యి" అన్నాడు.